గోడ మీద అన్నయ్య

ఫిబ్రవరి 9

పిచ్చుకా,

నా చేతిరాత చూసి ఎవరికేమైందోనని కంగారు పడకు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. అందరం అంటే నేనూ మీ వదినా. ఉత్తరం ఎందుకంటే ఫోను నాకిక పనికిరాదు. మగ్గాల షెడ్డులో గడిపిన ఏళ్ళకు కుడి చెవి ఎప్పుడో పోయింది. ఇప్పుడు ఎడమది కూడా దాని దారే పట్టింది. ఫోనులో ఎవరైనా మాట్లాడితే గుడ్డలో చుట్టిన ఇనపముక్క చెవికి తగిలినట్టుంటుంది తప్ప మాటగా రాదు. ఈ సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. చెప్పుకునేంత గొప్ప సంగతేం కాదని ఊరుకున్నాను.

మిల్లు మానేశాక మధ్యాహ్నాలు ఖాళీ. మీ వదిన ఆసుపత్రి డ్యూటీకి పోతుంది, నేను బస్టాండు పక్కనున్న సినిమా హాలుకి పోతాను. మాటలు వినపడవు కనక నాకు ఏ సినిమా అయినా ఒకటే. మొదట్లో పెదాలు చూసేవాణ్ణి. అవి కదిలే తీరు చూసి ఒక్క మాటా పోల్చుకోలేక మానేశాను. అప్పటినుంచీ మనుషుల వెనకున్న సామాన్లు చూస్తున్నాను. ఇంత వయసొచ్చాక సినిమా చూడటం ఇప్పుడే చేతనైందనుకో.

టీ తాగుతూ పోట్లాడుకుంటారు కదా, ఆ కప్పుల్లో చుక్క టీ ఉండదు. నిండు కప్పు పట్టుకున్న చెయ్యి అలా ఊగదు. ఇల్లు విడిచిపోయే ఇల్లాలు రెండు చేతుల్లో రెండు పెట్టెలు పట్టుకుని పరుగెడుతుంది. వాటిలో ఒక్క గుడ్డైనా లేదు. టెలిఫోను మోగిందని ఎత్తుతారు, దాని తీగ టేబులు దిగి ఎక్కడికీ పోదు. నీలం ఫ్లాస్కు ఒకటుంది, మూతకి సొట్ట. ముందు దాన్ని ఒక కోటీశ్వరుడి ఇంట్లో చూశాను. తరవాత ఆసుపత్రిలో కనపడింది. మొన్న పోలీస్ స్టేషన్లో. హీరోలు మారుతున్నారు గానీ అది మాత్రం కులాసాగా ఉంది. మీ స్టూడియో గోడౌనుదేనా?

అసలు సంగతికి వస్తాను. పోయిన ఆదివారం మీ వదిన కూడా సినిమాకి వచ్చింది. అందులో ఒక మామూలు ఇల్లు. సోఫా, సోఫా పైన గోడ, గోడ మీద నల్ల ఫ్రేము, ఫ్రేములో నేను. ఫోర్‌మన్ అయినప్పుడు అరువు కోటు వేసుకుని తీయించుకుని నీకు పంపానే, ఆ ఫోటో. కింద చిన్న బల్బు వెలుగుతోంది. హీరో నా వంక చూసి కళ్ళు తుడుచుకుని ఏదో అన్నాడు. ఏమన్నాడని మీ వదినని సైగ చేసి అడిగాను. చెప్పలేదు. ఇంటికొచ్చాక కూడా మొహం ముడుచుకునే ఉంది.

సినిమా సామాన్లు చూసుకునేది నువ్వు కనక అడుగుతున్నాను. నేను ఎప్పుడు పోయానో, ఎలా పోయానో తెలిస్తే రాయి.

నీ అన్నయ్య


ఫిబ్రవరి 20

అన్నయ్యా,

లారీ కింద పడి పోయావు. హీరోకి అప్పటికి ఎనిమిదేళ్ళు.

ఆ ఫ్రేములో ముందు ఉన్నది పాతసామాన్ల బజార్లో దొరికిన ఎవరిదో ఫోటో. అలాంటివాటితో పెద్ద తంటా. ఒకసారి సినిమా ఆడుతుండగా ఒకావిడ స్టూడియో గేటు ముందు కూర్చుని, మా మావగారిని హంతకుడికి తండ్రిని చేశారని ఏడ్చింది. అప్పటినుంచీ మా ఆర్ట్ డైరెక్టరు ఒక రూలు పెట్టాడు. గోడ మీద పెట్టే మనిషి ఎవరో తెలిసి ఉండాలి, ఆ మనిషి గొడవ చెయ్యకూడదు. మర్నాడు షూటింగనగా నాకీ సంగతి చెప్పారు. గొడవ చెయ్యని మనిషెవరా అని ఆలోచిస్తే నువ్వు తట్టావు. ఆరేళ్ళుగా ఉలుకూ పలుకూ లేనివాడివి, ఇప్పుడు మాత్రం పలుకుతావా అనుకున్నాను. పలికావు.

నీలం ఫ్లాస్కు మాదే. లోపలి గాజు ఎప్పుడో పగిలింది, కదిపితే గలగలమంటుంది, సౌండువాళ్ళు నన్ను తిడతారు. అయినా ఏ గదిలో పెట్టినా అక్కడే పుట్టినట్టుంటుందని దాన్ని పారెయ్యను. నువ్వు కప్పుల సంగతి రాశావని మొన్న కప్పుల్లో నీళ్ళు పోయించాను. హీరోయిన్ ఒలకబోసుకుంది. అక్షింతలు నాకు.

చెవుల సంగతి నమ్ముతాను. కానీ ఆ రోజు మాత్రం నీకు బాగానే వినపడింది. ఫోను చేసి నా సంగతి చెప్తే నువ్వేమన్నావు? "మంచిపని చేశావు. గాలీ వెలుతురూ బాగా వస్తాయి" అన్నావు. మాట అందనివాడు చెప్పే జవాబు కాదది, అందినవాడు గురిచూసి చెప్పేది. ఆ తరవాత నీకు మళ్ళీ ఫోను చెయ్యబుద్ధి కాలేదు.

పోనీలే. నీ ఫోటో ఇక్కడ అందరికీ నచ్చింది. ఇప్పుడొక పెద్ద సినిమాలో ఉన్నావు, ఇంటి హాలు గోడకి నట్టనడుమ. నీ భార్యగా వేసే పెద్దావిడ తన కష్టం సుఖం అంతా నీతోనే చెప్పుకుంటుంది. గోడకి చెప్పుకున్నట్టే అనుకో. కానీ ఆవిడ చెప్తుంటే నువ్వు వింటున్నట్టే ఉంటుంది. కోటు వల్లేమో.

వదినకి కోపం వచ్చిందా?

పిచ్చుక


మార్చి 4

పిచ్చుకా,

లారీ అయితే నయమే, మంచాన పడి పోయానేమో అనుకున్నాను. మీ వదినకి ఈ మాట చెప్తే నవ్వలేదు.

గాలీ వెలుతురూ అన్నది నాకు బాగా గుర్తుంది. అందులో తప్పేముంది? మేడ మీద ఉంటున్నాం అన్నావు. అంతకుముందున్న ఇల్లు చీకటి కొట్టని నువ్వే అంటుండేదానివి. మంచిపని చేశావన్నాను. బీరువా మెట్లెక్కించేటప్పుడు బావగారి నడుం ఏమైందోనని తరవాత చాలాసార్లు అనుకున్నాను కూడా. ఆయన ఎలా ఉన్నారు? ఎండాకాలం మేడ మీద వేడి దిగుతుందా? ఈ ఒక్క మాటకి ఆరేళ్ళు అలిగావంటే నాకేం అర్థం కావడం లేదు.

మొన్న చూసిన సినిమాలో ఒక లాయరు గది ఉంది. గోడంతా పుస్తకాలు. మూడో అరలో ఉన్నవన్నీ ఒకే పుస్తకం, పక్కపక్కన నిలబెట్టారు. ఆ లాయరు వాటిలోంచి ఒకటి తీసి చదివి కేసు గెలిచాడు.

నాకొక పని చేసిపెట్టాలి. ఆ పెద్ద సినిమా గోడ మీదనుంచి నన్ను దించెయ్యి. ఈ నెలాఖరులోగా అయితే మంచిది. కారణం అడక్కు, చిన్నదే.

అన్నయ్య


మార్చి 13

అన్నయ్యా,

నీ ఉత్తరం బస్సులో చదివాను. దిగాల్సిన చోట దిగలేదు.

మేడ మీద కాదు. "విడిగా ఉంటున్నాం" అన్నాను. నేనూ ఆయనా విడిపోయాం, ఇక విడిగా ఉంటున్నాం అని చెప్పడానికి నీకు ఫోను చేశాను. దానికి నువ్వు మంచిపని చేశావు, గాలీ వెలుతురూ బాగా వస్తాయి అన్నావు. మా ఆయన మీద నీకింత కడుపుమంట ఉందా, ఇన్నేళ్ళూ దాచుకున్నావా అనుకున్నాను. ఇప్పుడు మేడ, మెట్లు, బీరువా, ఆయన నడుం అన్నీ వరసగా చదువుతుంటే నాకేమైందో తెలియలేదు. పక్క సీటులో ఉన్న ఆవిడ భుజం పట్టుకుంది.

"ఏమైందమ్మా?"

"మా అన్నయ్యకి చెవుడండీ."

"అయ్యో. దానికెందుకమ్మా అంత నవ్వు?" అంది. అంటే నవ్వానన్నమాట.

నేనుండేది కింది వాటా. గాలి రాదు. ఆయన ఇదే ఊళ్ళో ఇంకోచోట ఉంటున్నారు. కొట్టుకోలేదు, తిట్టుకోలేదు. ఒకే ఇంట్లో ఒకళ్ళకొకళ్ళం అడ్డొస్తున్నామని ఇద్దరికీ తెలిసింది, అంతే. ఇప్పుడు కుళాయి కారితే ఫోను చేస్తాను, వచ్చి బాగుచేసి టీ తాగి పోతారు. కాపురం చేసినన్నాళ్ళూ ఆ కుళాయి ముట్టుకోలేదు.

నిన్ను గోడ మీదనుంచి దించడం మాత్రం కుదరదు. సగం సినిమా అయిపోయింది. మొదటి సీన్లో గోడ మీదున్నవాడు చివరి సీన్లోనూ ఉండాలి. దీన్ని కంటిన్యూటీ అంటారు, నా ఉద్యోగమంతా అదే. పూలకుండీ జానెడు జరిగితేనే నా మీదికొస్తారు, ఇంటి పెద్దని మార్చేస్తే ఊరుకుంటారా?

నిజం చెప్పు. సినిమా గోడ మీద ఉండటం నీకు నామోషీగా ఉంది, అవునా? నేనీ పనిలో చేరినప్పుడు కూడా ఇలాగే కారణం చెప్పకుండా మొహం పక్కకి తిప్పుకున్నావు. చిన్న కారణమైతే రాయడానికేం?

పిచ్చుక


మార్చి 21

పిచ్చుకా,

విడిగా, మేడ మీద. రెండు మాటలూ కాగితం మీద పక్కపక్కన రాసుకుని చూశాను. ఏమాత్రం పోలిక లేదు. ఏ చెవిని అడిగి ఏం లాభం. "మళ్ళీ చెప్పు" అని ఒక్క మాట అనడానికి అప్పట్లో మొహమాటంగా ఉండేది. అంటే చెవుడని తెలిసిపోతుందని భయం. నువ్వు ఒంటరిగా ఎలా నెట్టుకొచ్చావో నేనిక అడగను, అడిగే వేళ దాటిపోయింది.

నామోషీ కాదు. నువ్వా పనిలో చేరినప్పుడు మొహం పక్కకి తిప్పిందీ నామోషీతో కాదు, నువ్వు మాట్లాడేది పట్టుకోవడానికి ఎడమ చెవి నీవైపు పెట్టాను. ఫోటో సంగతి వదిలెయ్యి, ఉండనీ. నా కోసం నీ పని పాడుచేసుకోకు.

ఎండలు ముదిరాయి. కింది వాటా ఒకందుకు మంచిదే, చల్లగా ఉంటుంది.

అన్నయ్య

పిచ్చుకా, ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నది మీ వదినని. పోస్టు చెయ్యమని ఇచ్చారు, చదివాను. చదవకూడదని తెలుసు. ఏప్రిల్ రెండున మీ అన్నయ్యకి ఆపరేషను. చెవి వెనక గడ్డ. బయటికి కనపడేది కాదు, తల లోపలిదాకా పెరిగింది. తీస్తే చెవి పోతుంది, తియ్యకపోతే మనిషే. తీసేటప్పుడు ఏమైనా కావచ్చని కూడా డాక్టరు చెప్పాడు. నీకు చెప్పొద్దన్నారు. "దాని కష్టం ఆరేళ్ళకి తెలుసుకున్నవాణ్ణి, నా కష్టం వెంటనే దాని నెత్తిన వెయ్యనా" అంటారు. ఫోటో దించమన్నది నేనే. రోజూ ఆసుపత్రిలో తిరిగేదానివి, నీకీ పట్టింపులేంటంటారు. తిరుగుతున్నాను కాబట్టే. నమ్మకం ఉందా అని అడిగితే లేదనే చెప్తాను. కానీ ఎవరో ఒకావిడ రోజూ మా ఆయన ఫోటో ముందు నిలబడి ఏడుస్తోందంటే నాకు ముద్ద దిగడం లేదు. కుదిరితే చూడు. కుదరకపోతే ఆ సంగతి నాకు రాయకు.


మార్చి 27

వదినా,

దించేశాను.

నీ ఉత్తరం అందిన రోజే వేరే ఫోటో సంపాదించాను. అన్నయ్య విషయంలో బుద్ధొచ్చి, ఈసారి ఆ మనిషికి ఫోను చేసి అడిగాను. "చచ్చిపోయినవాడిగానా?" అన్నాడు. అవునన్నాను. కాసేపు ఆలోచించి, "ఏడ్చేదెవరు?" అన్నాడు. పెద్దావిడ పేరు చెప్పాను. "అయితే సరే" అన్నాడు. ఇలాంటివి పట్టించుకునే మనిషి కాదు, నువ్వు బెంగపెట్టుకోకు.

పొద్దున్నే ఎవరూ రాకముందు నిచ్చెనెక్కి ఫ్రేము విప్పి మార్చాను. అదే ఫ్రేము, అదే మేకు, అదే బల్బు. లైట్లవాళ్ళు వచ్చారు, చూడలేదు. కెమెరామన్ వచ్చి ఫ్రేము అద్దం మీద మెరుపు పడుతోందని కొంచెం పక్కకి వంచమన్నాడు. వంచాను. లోపలున్న మనిషిని చూడలేదు. డైరెక్టరు దాని కిందే నిలబడి కాఫీ తాగాడు. కొడుకు వేషం వేసే అబ్బాయి, కొత్త నాన్న వంక చూసి పాత డైలాగే చెప్పి ఏడ్చాడు. అందరూ బాగుందన్నారు. నాకు భయం పోయి కొంచెం కోపం కూడా వచ్చింది. ఇన్నేళ్ళుగా నేను సర్దే సామాన్లని వీళ్ళెవరూ చూడనే లేదా అని.

మధ్యాహ్నం పెద్దావిడ వచ్చింది. షాటుకి ముందు ఫోటో దగ్గరికి వెళ్ళి నిలబడటం ఆవిడకి అలవాటు. వెళ్ళింది, నిలబడింది, వెనక్కి తిరిగింది.

"ఇదేంటమ్మా, మా ఆయనేడి?"

పక్కకి తీసుకెళ్ళాను. "ఆయన మా అన్నయ్యండీ. తలకి ఆపరేషను. మా వదిన భయపడుతోంది."

"మరి నాకు చెప్పొద్దూ? ఇన్ని రోజులుగా ఆయనతో చెప్పుకుంటున్నాను. కొడుకు నన్ను ఇంట్లోంచి పొమ్మన్నది కూడా ఆయనకే చెప్పాను. ఇప్పుడు ఈ కొత్త మనిషికి మళ్ళీ మొదటినుంచీ చెప్పాలా?"

"తప్పేనండీ."

ఆవిడ ఫ్రేము వంక ఇంకోసారి చూసింది. "ఈయన వినేవాడిలా లేడు" అంది. "సర్లే. వినేవాడి ముందు ఏడవడం తేలిక. వినని వాడి ముందు ఏడ్చే సంసారాలే ఎక్కువ. చేస్తాను పద. మీ అన్నయ్య లేచి కూర్చున్నాక నాకు చెప్పు."

చేసింది వదినా. కరెంటు పనివాళ్ళు కూడా కళ్ళు తుడుచుకున్నారు.

తీసినదంతా తెర మీద వేసి చూస్తుంటే మా ఆర్ట్ డైరెక్టరు పట్టుకున్నాడు. "ఎవరితను?" అన్నాడు. ఇంటి పెద్దండీ అన్నాను. "మొన్నటిదాకా ఉన్నతను?" మా అన్నయ్యండీ. "ఏమయ్యాడు?" ఏం కాకూడదనే మార్చానండీ అన్నాను. చాలాసేపు తిట్టాడు. తిట్టాల్సిన పనే. సెట్టు అప్పటికే పడగొట్టేశారు, మళ్ళీ తియ్యడానికి లేదు. నన్ను ఇక సెట్టు మీదికి రావద్దన్నాడు. గోడౌన్లో కూర్చుని అడిగిన సామాను ఇచ్చి, తిరిగొచ్చింది తుడిచి పెట్టుకోవాలి. షూటింగు నడిచేచోట ఉండటం నాకు ఇష్టమైన పని, అది పోయింది. అయినా నిచ్చెన ఎక్కినందుకు బాధ లేదు.

సెలవు పెట్టాను. అన్నయ్య ఆపరేషను అయి కళ్ళు తెరిచేలోగా అక్కడుంటాను. వస్తున్నానని ఆయనకి చెప్పకు, చెప్పినా వినపడదులే.

పిచ్చుక


ఏప్రిల్ 26

పిచ్చుకా,

నువ్వు వెళ్ళాక కట్లు విప్పారు. గడ్డ చెడ్డది కాదని రిపోర్టు వచ్చింది. డాక్టరు అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి చూపించాడు. ఎడమ చెవి కూడా పూర్తిగా పోయింది. ఇక రెండూ కళ్ళజోడు తగిలించుకోవడానికే.

కళ్ళు తెరిచేసరికి మంచం పక్కన నువ్వు కనపడితే నేను నిజంగానే పోయాననుకున్నాను. మీ వదిన విసుక్కోవడం చూశాక నమ్మకం కుదిరింది. నీ పని సంగతి అప్పుడే రాసి చూపించింది. నేనేదో రాసివ్వబోతే నువ్వు పెన్ను లాక్కున్నావు, కనక ఇప్పుడూ రాయను.

నడుస్తుంటే ఒక పక్కకి ఒరిగిపోతున్నాను. అలవాటవుతుందట. మీ వదిన ఆ పక్కనే నడుస్తోంది.

అన్నయ్య


ఆగస్టు 3

అన్నయ్యా,

పెద్ద సినిమా వచ్చే వారం విడుదల. నువ్వు లేచి తిరుగుతున్నావని పెద్దావిడకి చెప్పాను, సంతోషించింది. మీ ఊరి హాలుకి రాగానే వదినని తీసుకుని వెళ్ళు. ఇంటర్వెల్ దాకా నువ్వే. తరవాత ఎవరున్నారో నీకు రాయలేదు, వదినకీ చెప్పలేదు. చూసి తిట్టకండి, ఇంట్లో ఉన్న ఇంకో మగ ఫోటో అదొక్కటే.

గోడౌను పని బాగానే ఉంది. కుర్చీలకి కాళ్ళు అతికించడం నేర్చుకున్నాను.

పిచ్చుక


ఆగస్టు 17

పిచ్చుకా,

చూశాం. హాలు నిండింది, గోడవారగా రెండు సీట్లు దొరికాయి.

మొదటి సగమంతా మీ వదిన నా చెయ్యి వదల్లేదు. నేను గోడ మీద కనపడినప్పుడల్లా ఒక నొక్కు. పక్కన కూర్చుని కూడా మనిషి ఉన్నాడో లేడో చూసుకుంటోందనుకున్నాను. ఇంటర్వెల్లో బయటికి రానన్నది.

రెండో సగం మొదలైంది. అదే సోఫా, అదే గోడ, అదే బల్బు. మీ వదిన టక్కున చెయ్యి వదిలేసింది. అప్పుడు తేరిపార చూశాను. మన బావగారు! పెళ్ళిలో కూడా ఆయన మొహం అలాగే ఉంది, ఎవరో ఏదో పని చెప్పబోతున్నట్టు. ఆయన్ని అడిగి మరీ పెట్టావని ఇంటికొచ్చాక మీ వదిన రాసి చూపించింది. చాలా నిబ్బరంగా పోయారని నా మాటగా ఆయనతో చెప్పు.

ఇంటి యజమాని మారిపోయినా హాల్లో ఒక్కరికీ చీమ కుట్టినట్టు లేదు. పెద్దావిడ ఫ్రేము ముందుకొచ్చి నిలబడింది. ఆవిడ ఏమందో నాకు తెలియదు గానీ, ముందు వరసల్లో రుమాళ్ళు బయటికొచ్చాయి. మా వరసలో ఆడా మగా అందరూ ముక్కులు తుడుచుకుంటున్నారు. ఇంతలో నా కుర్చీ ఊగడం మొదలుపెట్టింది. పక్కకి తిరిగి చూద్దును కదా, మీ వదిన రుమాలు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. ఆపుకోలేక ముందుకి వంగిపోయి, కళ్ళమ్మట ధారలు కట్టి, వరస మొత్తం ఊగిపోయేలా నవ్వుతోంది. జనవరిలో డాక్టరు మాకు ఆ గడ్డ ఫిల్ము చూపించినప్పటినుంచీ ఆమె నవ్వగా నేను చూడలేదు.

ముందు సీటు పెద్దాయన వెనక్కి తిరిగి ఆమెని చూసి, పాపం అన్నట్టు తలాడించి, తన మంచినీళ్ళ సీసా తీసి అందించాడు.

అన్నయ్య